ఏటిని మింగిన బొట్టు

ఆ రోజుల్లో, కొండ ఎక్కకుండానే కొండవాగును కొలవవచ్చని చెబితే మా వాషర్‌మెన్‌పేట్ వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మకపోయినా నా మొదటి ఉద్యోగం అదే. కొండల పటాన్ని బల్లమీద పరిచి, ఎత్తులు చూపే గోధుమరంగు గీతల వెంట మౌస్ లాంటి పరికరాన్ని నడిపితే, కంప్యూటర్ ఆ ఎత్తులన్నీ లెక్కగట్టి ఏ చినుకు ఎటు పారుతుందో చెప్పేది. వెంట్రుకవాసి పక్కకు పోయినా నేను ఆ గీతను మళ్ళీ మొదటినుంచి గీసేదాన్ని. (ఆ జబ్బు ఇప్పటికీ తగ్గలేదు.) ప్రొబేషన్ ముగిసే వారంలో కంప్యూటర్లో ఒక వాగు కొండమీద నుంచి చక్కగా దిగివచ్చి, సగం దారిలో గుండ్రటి గుంటలో పడి, ఇక బయటికి రాలేదు. మరునాడు ఆ పని చూడబోయే పెద్ద అధికారే నా ఉద్యోగం ఉంచాలో తీసేయాలో కూడా తేల్చాలి.

"ఏమ్మా, నీ ఏరు ఆడనే కూర్చునిందే! కాళ్ళు నొప్పా?" అన్నారు మా సారు.

"పటంలో గుంట ఉండాది సార్. గీసినాను."

"పూడ్చే కమాండ్ ఉండాది కదా, పూడ్చేయ్."

"ఉండే గుంటను ఎట్లా పూడ్చేది సార్? కొండ ఒప్పుకోవద్దా?"

"కొండ కాదమ్మా, రేపు ఆయన ఒప్పుకోవాల!"

పక్క బల్ల అక్క (చెరిపి చెరిపి రబ్బరక్క అని పేరు తెచ్చుకుంది) భూతద్దంతో వచ్చింది. గుండ్రటి గీత, లోపలివైపు చిన్నచిన్న గాట్లు. పటాల్లో గుంటకు గుర్తు అదే. అక్క ముక్కు ఆనించి వాసన చూసింది.

"ఏమ్మే, ఈ గుంట గంధం వాసన వస్తాందే!"

ఆయుధపూజనాడు బల్లకు, కంప్యూటర్‌కు, పటానికి గంధం, కుంకుమ పెట్టింది మా సారే. ఎండిన గంధం రాలిపోయి అంచు మరక మిగిలింది, నెర్రెలతో సహా. ఆ నెర్రెలను కూడా నేను గుంట గాట్లే అనుకుని ఒక్కటీ విడవకుండా గీశాను.

పటం మీద మరక తుడిచేద్దామా అని సారును అడిగాను.

"పూజలో పెట్టిన బొట్టు తుడుస్తారామ్మా? ఆడనే ఉండనీ. కంప్యూటర్లో మాత్రం తీసెయ్యి."

తీసేశాను. వాగు కదిలింది, నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు ఉపగ్రహం కొలిచిన ఎత్తులతో అదే పనిని నేను కాఫీ తాగేలోగా ముగించేస్తుంది. మొన్న ఆయుధపూజనాడు గంధం గిన్నెతో దాని ల్యాప్‌టాప్ దాకా వెళ్ళి ఆగిపోయాను.

"ఏం అత్తా, యోచన చేస్తా ఉండావు? యాడన్నా పెట్టు."

"ఆ మాటే వద్దు. నీళ్ళు పారని చోటు చూపించు."

అది నవ్వి, మూత మీద ఒక మూల చూపించింది. బొట్టు పెట్టి, ఎండేదాకా పక్కనే కూర్చున్నాను, నెర్రెలు ఎటు విచ్చుకుంటాయో చూస్తూ.