చెంపకు ఆనని చీర

ఎనభైల్లో, నా పొట్టకు ఓడిపోయిన రెండు జీన్స్ ప్యాంట్లూ, అత్తగారి పాత చీరలూ మూటగట్టుకుని, మా పాపకు బొంత కుట్టించాలని అత్తగారూ నేనూ వికారాబాద్ నుంచి తాండూరులో బొంతలు కుట్టే ఖాలా దగ్గరికి వెళ్లాం. ఏ గుడ్డనైనా ఆమె తన చెంపకు రుద్దుకునే ఎంచేది. జీన్స్ అడుక్కి, పాత నూలు చీరలు పైకి పెట్టి, అత్తగారి మెరిసే టెరిలిన్ చీర పక్కన పడేసింది.

"అందరొచ్చి చూస్తరు. గదే పైకెయ్యి ఖాలా," అన్నారు అత్తగారు.

"నేను చూసెటోళ్లకు కుట్టనమ్మా, పండెటోళ్లకు కుడుత. గిది చెమట పోస్తది."

"అయితే వేరేటోళ్లకిస్తం."

"ఇచ్చుకోండ్రి," అని మూట నెట్టేసింది. ఆ నెల ఆమెకు వేరే పని లేదు. ఇద్దరి మధ్య నేను బొంతలో నడిమి గుడ్డలా మెత్తగా కూర్చున్నాను.

మూట తీసుకుని మేం గడప దాటుతుంటే ఖాలా పిలిచింది. "బేటా, ఎవరు కుట్టినా ప్యాంట్ల ఇత్తడి గుండీలు తీసెయ్యమను. పాపకు గుచ్చుకుంటయి."

అత్తగారు ఆగారు. మూటలోంచి టెరిలిన్ చీర ఒక్కటే తీసుకుని, మూట తిరిగి ఆమె ముందు పెట్టారు.