మెంబరు గారి లోగిట్లో నేను చదివిన కాగితాలు

మా పల్నాటి పల్లెల్లో ఒకప్పుడు పెద్దమనిషి ఎవరైనా మనకేసి తిరిగి "ఏమిటి నీ కష్టం?" అని అడిగితే, జనం ముందు భయపడేవాళ్ళు, ఆ తర్వాతే ఆలోచించేవాళ్ళు. అడిగినవాళ్ళెవరూ ఊరికే అడిగిన దాఖలా లేదు మరి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, నా పంతొమ్మిదో ఏట, ఆ ప్రశ్నను ఇల్లిల్లూ తిరిగి అడిగే పని నా నెత్తిన పడింది. గురజాలకు నాలుగైదు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో మిషను బడిలో అప్పుడే చేరాను. నాన్న లేడు, అమ్మా తమ్ముడూ నా ఉద్యోగం మీదే ఆధారపడ్డారు. ఆ ఊరి మోతుబరి జిల్లా బోర్డు మెంబరు కూడా. అంతకంటే పెద్ద పదవికి నిలబడాలని ఆయన కోరిక. నరసరావుపేటలో ఉండే పార్టీ పెద్దాయన "ముందు నీ ఊరి జనం గోడు విని రాయించు, నేనొచ్చి వింటాను" అన్నారట. మగవాళ్ళ సంగతి మెంబరు గారే చూసుకుంటానన్నారు. ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి చదువొచ్చిన ఆడమనిషి కావాలి. ఊరు మొత్తం గాలిస్తే అలాంటిది నేనొక్కదాన్నే దొరికాను.

మెంబరు గారు నన్ను పిలిపించి, "చూడమ్మాయ్, వాళ్ళు ఏమంటే అదే రాయి. నీ సొంతం ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దు" అన్నారు. "అలాగేనండీ, కానీ ఒకవేళ వాళ్ళు..." అన్నానో లేదో, "అర్థమైంది, అర్థమైంది" అంటూ లేచి వెళ్ళిపోయారు. (నేనేం అడగబోయానో నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.)

మొదటి రెండు రోజులూ ఎవరూ నోరు విప్పలేదు. "కిరసనాయిలు ఇప్పిస్తారా?" అని ఒకామె, "మావాణ్ణి పటాలానికి తీసకపోరు గదా?" అని ఇంకొకామె నన్నే ఎదురు ప్రశ్నలు వేశారు. మూడో రోజు ముక్కెర అవ్వ నోరు తెరిచింది. పళ్ళు ఊడినా ముక్కెర తీయని మనిషి కనుక ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలిచేది. "రాయి పంతులమ్మా. వాగుకు పొయ్యే దోవలో మెంబరు కంపకంచె కొట్టించి ఆర్నెల్లయింది. మిరపతోటంట. నీళ్ళకని మైలు చుట్టు తిరిగి పోతన్నాం. మా కోడలు నిండు నెలల్లో కడవతో పడింది. ఆ కంచె కొట్టినోడి నోట్లో మన్ను పడ! ఇదంతా రాయి." ఆ చివరి మాట దగ్గర నా కలం ఆగింది. "రాయవేం? ఏమంటే అదే రాయమన్నాడంటివే!" అంది. రాశాను. ఆ తర్వాత ఏ గడపకు పోయినా కంచే. పదిహేడు మంది చెప్పారు, ఒక్కొక్కరు ఒక్కో తిట్టుతో. అన్నీ గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసి పెట్టాను. అప్పట్లో నా దస్తూరి అంటే నాకు మహా గర్వం.

చివరగా మెంబరు గారి ఇల్లు మిగిలింది. దాన్ని వదిలేసి పక్కగా జారుకోబోతుంటే మెంబరమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "ఏం పంతులమ్మా, ఇది ఇల్లు కాదా? నేను ఆడదాన్ని కాదా? కూర్చో, రాసుకో." ఆవిడ చెప్పిందీ రాసి, ఆ కాగితాన్ని అన్నిటికంటే అడుగున పెట్టాను.

పార్టీ పెద్దాయన వచ్చిన రోజు పొద్దున మా పెద్ద పంతులుగారు నా కాగితాలు చూసి కుర్చీలో కూలబడ్డారు. "బడికి చోటిచ్చింది మెంబరు గారే. ఇవి చదివితే నీ ఉద్యోగమేగాదు, నాదీ పోద్ది. నాలుగు మంచి ముక్కలు చదివి కూర్చో తల్లీ" అన్నారు. నేను గట్టిగా తలూపాను. అంత గట్టిగా నేను దేనికీ ఒప్పుకున్నది లేదు.

మెంబరు గారి లోగిలి కిటకిటలాడింది. అరుగు మీద కుర్చీలో పార్టీ పెద్దాయన మజ్జిగ గ్లాసుతో, పక్కన మెంబరు గారు. వాకిట్లో ఆడవాళ్ళంతా కొంగులు కప్పుకుని కూర్చున్నారు. "చదువమ్మాయ్" అన్నారు మెంబరు గారు. లేచాను. బడికి పైకప్పు కురుస్తోందన్నది చదివాను. కిరసనాయిలు దొరకడం లేదన్నది చదివాను. పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించారు. ఆ వెంటనే రెండు కాగితాలు కలిపి ఒక్కటిగా తిప్పేశాను.

వాకిట్లోంచి గొంతు లేచింది. "ఏందమ్మాయ్, నాది చదవలా?"

ముక్కెర అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఎవరి తర్వాత ఎవరు చెప్పారో వాళ్ళందరికీ నోటికొచ్చు. "కిరసనాయిలు తర్వాత నేను గదా. నా తర్వాత మా కోడలు" అంది. కోడలు చంకలో బిడ్డతో లేచి నిలబడింది. పెద్ద పంతులుగారు కళ్ళు మూసుకున్నారు. పారిపోదామంటే దారి లేదు, వాకిలంతా ఆడవాళ్ళే. వెనక్కి తిప్పాను. చదివాను. కంచె, మైలు దూరం, కోడలు పడిపోవడం, నోట్లో మన్ను, అన్నీ. పదిహేడు మందివీ అయ్యేసరికి మెంబరు గారి ముఖం కందిపోయి, చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"అంతేనండీ" అన్నాను కాగితాలు మడుస్తూ.

"ఇంకోటుంది" అంది తలుపు వెనకనుంచి మెంబరమ్మ.

ఇక దేవుడిదే భారమనుకుని విప్పాను. "ఒక ఇల్లాలు చెప్పినది. నాకు తిండికీ బట్టకూ లోటు లేదు. ఉన్నదొక్కటే కష్టం. మా ఇంటాయన ఎవరి మాటా వినరు. ఎదుటివాళ్ళు రెండు ముక్కలు చెప్పీ చెప్పకముందే..."

"అర్థమైంది, అర్థమైంది!" మెంబరు గారు చెయ్యెత్తారు.

"...అర్థమైంది అంటారు" అని పూర్తి చేశాను. ఆపడం నా చేతుల్లో లేకపోయింది, నోరు దానంతటదే చదివేసింది.

పార్టీ పెద్దాయనకు మజ్జిగ పొలమారింది. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత లోగిలంతా పగలబడి నవ్వింది. మెంబరు గారు మాత్రం నవ్వలేదు. తలుపు వైపు తిరిగారు. తర్వాత మెల్లగా, "మిగిలింది కూడా చదువు" అన్నారు.

చదివాను. "ఆ ఆడవాళ్ళు కడవలతో మన దొడ్డి వెనక చుట్టు తిరిగి పోవడం రోజూ చూస్తున్నాను. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయనకి అర్థమైంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మెంబరు గారు లేచి, కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రికే నేను నా ట్రంకు పెట్టె సర్దేశాను. మర్నాడూ ఏమీ కాలేదు. మూడో రోజు కంచెలో బండి పట్టేంత దారి తెరిచారు. అది తనకు ముందునుంచీ ఉన్న ఆలోచనేనని మెంబరు గారు ఊరంతా చెప్పుకున్నారు. ఎవరూ కాదనలేదు, నీళ్ళు దగ్గరయ్యాయి, అది చాలు.

ఏడాది తిరిగేసరికి నన్ను మాచర్ల బడికి మార్చారు. నాకంటే ముందే నా పేరు రైలెక్కి అక్కడికి చేరింది. "ఆ పిల్లకి చానా గుండె ధైర్యం, మెంబరునే నిలబెట్టి కడిగింది" అని. ఆ పేరుతోనే ముప్పై అయిదేళ్ళు పనిచేశాను. నన్ను చూస్తే ఇన్‌స్పెక్టర్లు కూడా కాస్త సర్దుకుని కూర్చునేవారు. రిటైరైన రోజు సభలో కూడా ఒకాయన ఆ కథే చెప్పి చప్పట్లు కొట్టించాడు. రెండు కాగితాలు కలిపి తిప్పిన సంగతి లేచి చెప్పేద్దామనే అనుకున్నాను. ఇంతలో మెళ్ళో దండ వేశారు, మల్లెపూలు, మంచి వాసన. చేతులు జోడించి, వినయంగా తల వంచుకుని నిలబడిపోయాను.