మదర్‌బోర్డు మీద బొట్టు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధం నాతోపాటు నిద్రలేస్తోంది, నాతోపాటు దీపం పెడుతోంది. పెద్దదేమీ కాదు, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలే ఒక మనిషి చేతిలోంచి పని లాగేశాయి. దేవుడికి రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయనకి చెప్పడం తేలిక, ఎదురు ప్రశ్న వెయ్యడు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. చదువుతూ చదువుతూ మీరు ఒకచోట ఆగి "ఛీ" అంటారేమో. అనండి. నాకు రావలసిన మాటే.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. పోర్టులో గుమాస్తాగా చేసే మా నాన్నగారు సాయంత్రాలు ఇంట్లోనే తెలుగూ, లెక్కలూ, కాస్త ఇంగ్లీషూ నేర్పారు. ఆయన తరవాత నాకు విద్య చెప్పిన మనిషి ఒక్కతే. రత్నం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అమ్మాయి చదువు కోసం కంప్యూటరు కొనాలనుకున్నాం. విడిభాగాలు తెచ్చి బిగించేదైతే కావలసినట్టు చేయించుకోవచ్చని స్టీలుప్లాంటులో మావారికి ఎవరో చెప్పారట. మావారిది గోదావరి జిల్లా. కంటితో చూడనిదే ఏదీ నమ్మరు. "అన్నీ కొత్త సామాన్లో కాదో నేను చూడాలండీ. మా ఇంట్లోనే బిగించాలి" అని షాపతనికి షరతు పెట్టి వచ్చారు.

అలా ఒక బుధవారం పొద్దున్న పెందుర్తిలో మా గుమ్మం ముందు ఆటో ఆగింది. అట్టపెట్టెలతో రత్నం దిగింది. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. ఇల్లు ఫిషింగ్ హార్బరు దగ్గర. తల్లి చేపలమ్ముతుంది. తను డిప్లొమా చదివి ఆ షాపులో బిగింపు బల్ల దగ్గర చేరింది. ఆ బల్ల దగ్గర కూర్చున్న మొదటి ఆడమనిషి తనేనని ఎంత సంబరంగా చెప్పిందో!

మావారు పెట్టెలన్నీ లెక్కచూసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. నేను మాత్రం కదల్లేదు. ఆకుపచ్చ బోర్డు మీద సన్నటి గీతలు, మేడ మీంచి చూస్తే కనబడే వీధుల్లా. కళ్ళప్పగించి చూస్తున్నాను. రత్నం నన్ను ఒకసారి చూసింది. నేను అడగలేదు. తనే స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టింది.

"నాను సెప్తాను, మీరు బిగించండమ్మా. ముందు ఈ ఇనప డబ్బా ముట్టండి. ఒంట్లో కరెంటేటైనా ఉంటే దిగిపోద్ది. అప్పుడు బోర్డు ముట్టాల."

డబ్బాని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. అలవాటు.

"ఓలమ్మో! ఇది డబ్బాయే గానీ అమ్మోరు కాదమ్మా!" అని పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆపుకుని చెప్పింది. "ఇంకోటి. సేతులు పొడిగా ఉండాల. తడి తగిలిందా, బోర్డు పోద్ది."

తల ఊపాను. విన్నాను కూడా. కానీ ఆ మాట చెవి దాటి లోపలికి వెళ్ళలేదని ఇప్పుడు తెలుస్తోంది. నేను పుట్టిపెరిగిన ఇంట్లో తడి అంటే శుద్ధి. తలస్నానం చేసి తడిబట్టతో నిలబడితేనే మడి. తడి వల్ల ఒక వస్తువు చెడుతుందని నాకు ఊహకైనా ఎలా అందుతుంది?

మానిటరు మర్నాడు గానీ రాదన్నారు. అందుకని ఆ సాయంత్రం రత్నం బిగించినదంతా విప్పేసింది. "రేపు నాను ముట్టను. సూత్తూ కూకుంటాను" అంది. గురువారం మొత్తం నేనే బిగించాను. ప్రాసెసరు గళ్ళలో కూర్చునేటప్పుడు నొక్కకూడదు, దానంతటది జారాలి. ర్యామ్ మాత్రం 'టక్' అనేదాకా నొక్కాలి. ఈ తేడా తను చెప్పకపోతే నాకెవరు చెప్పేవారు? సాయంత్రం తెర మీద అక్షరాలు వెలిగాయి. కళ్ళు తుడుచుకున్నాను. నాన్నగారి తరవాత నాకు మళ్ళీ ఒక గురువుని ఇంటికే పంపినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

శుక్రవారం. మావారు డ్యూటీలో, అమ్మాయి బడిలో. తలస్నానం చేసి, తడిబట్టతోనే పసుపూ కుంకుమా తెచ్చాను. డబ్బాకి బొట్టు పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే! పైన పెట్టిన బొట్టు రేకుకి చెందుతుంది గానీ లోపలున్న ప్రాణానికి కాదు కదా అనిపించింది. భక్తేనా అది? కొత్తగా నేర్చిన విద్య, నేనొక్కదాన్నే విప్పగలనని నాకు నేను చూపించుకోవాలన్న ఉబలాటం కాదా? రెండూ కలిసే ఉన్నాయి. స్విచ్చి ఆపాను. స్క్రూలు విప్పాను. రత్నం చెప్పినట్టే ముందు ఇనుము ముట్టుకున్నాను. నీళ్ళతో తడిపిన కుంకుమ ప్రాసెసరు పక్కన పెట్టాను. వంగినప్పుడు జడ కొసల్లోంచి ఎన్ని చుక్కలు రాలాయో చూసుకోలేదు.

మూసి, హారతిచ్చి, స్విచ్చి వేశాను. చిట్ మంది. కమురు వాసన.

మళ్ళీ విప్పి కొంగుతో తుడిచాను. కుంకుమ చాలావరకు వచ్చింది. సందుల్లో ఎరుపు మిగిలింది. మూసేశాను. మావారు వచ్చి స్విచ్చి వేసి, "ఏంటిది, నిన్న పనిచేసిందన్నావు?" అంటే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

శనివారం షాపతను రత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రత్నం బోర్డు తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూసింది.

"తడి తగిలిందండి" అంది.

"తడెక్కణ్ణుంచి వస్తుందమ్మాయ్? చేపలు కడిగిన చేతుల్తోనే వచ్చి బిగించేసుంటావు" అన్నారు మావారు. షాపతను నవ్వాడు.

రత్నం నవ్వలేదు. నా వైపు తిరిగింది. "అమ్మా, నాను ఎల్లిపోయాక డబ్బా ఏటైనా ఇప్పారేటి?"

"లేదు. నాకేం తెలుసు అవన్నీ?"

నాకేం తెలుసు! ప్రతి ముక్కా పేరుపేరునా చెప్పి, నా చేతుల్తో బిగింపజేసిన మనిషి ముఖం మీద అన్న మాట అది. రత్నం ఆ ఎరుపు మీద వేలితో రుద్దింది. వేలు చూసుకుంది. తనూ బొట్టు పెట్టుకునే మనిషే, అదేమిటో తెలియకుండా ఉంటుందా? నన్ను చూసింది.

"అయితే తప్పు నాదే అవుద్ది కదండీ" అంది, మెల్లగా.

"రేపట్నుంచి బల్ల దగ్గర కూర్చోకు. కౌంటర్లో ఉండు" అన్నాడు షాపతను. కొత్త బోర్డు తనే బిగించాడు. రత్నం పక్కన నిలబడి స్క్రూలు అందించింది.

కొన్ని నెలల తరవాత మౌసు కోసం ఆ షాపుకి వెళ్ళాను. మానేసిందన్నారు. అచ్యుతాపురం వైపు ఏదో ఫ్యాక్టరీలో చేరిందని ఒకరన్నారు. నేను వెతకలేదు. ఎందుకు వెతకలేదు? దొరుకుతుందేమోనని.

తను ఆ రోజు ఎందుకు ఊరుకుంది? నన్ను కాపాడిందా? చెప్పినా నమ్మరని తెలిసి ఊరుకుందా? మొదటిదే అనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. అందుకే అనుకోను.

ఆ కంప్యూటరు మీదే మా అమ్మాయి చదువు సాగింది. నేను మా కాలనీలో తొమ్మిదిళ్ళకు కంప్యూటర్లు బిగించాను. బిగించినప్పుడల్లా మనసులో రత్నానికి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎవరు నేర్పారండీ అని అడిగితే మాత్రం, "ఏదో, చూసి నేర్చుకున్నాను" అనేదాన్ని. దొంగదణ్ణం కాదూ అది? కృతజ్ఞత నిజమే. ఆ కృతజ్ఞతకి పేరు పెట్టే ధైర్యమే లేకపోయింది.

మొన్న మావారికి చెప్పాను. "చేపల చేతులని అన్నది నేనే కదూ" అన్నారు.

ఇది చదివి రత్నం నన్ను క్షమిస్తుందని కాదు. తన కంట పడుతుందో లేదో కూడా తెలియదు. కానీ ఈ వేళ పొద్దున్న వెనక వీధి ఆవిడ తన డబ్బా పట్టుకొచ్చి, ఎక్కడ నేర్చుకున్నారండీ ఇదంతా అని అడిగింది. హార్బరు దగ్గరుండే రత్నం అని ఒకమ్మాయి నేర్పింది, ఆ అమ్మాయి నాచేత బిగింపించిన మొదటి బోర్డుని నేను పాడుచేసి నేరం ఆమె మీదకు పోనిచ్చాను అన్నాను. నేను డబ్బా మూత విప్పి పని మొదలుపెట్టాను.