గద్ద ముట్టిన విస్తరి

ఉదయం ఆరూ నలభైకి వదిన మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే గద్ద వచ్చి ఆమె తల మీద తన్నింది. గోరు గీరుకుని కాస్త నెత్తురు వచ్చింది.

మేముండే మగ్గాల పేట గోడాదరాలో మా పక్క మేడ మీద సెల్ టవర్ ఉంది. దాని ఇనుప కమ్మీల నడుమ గద్దలు గూడు కట్టాయి. పుల్లలు, తీగ ముక్కలు, మగ్గాల షెడ్ల బయట పారేసే దారం పోగులు, చీర అంచులు. గూట్లో పిల్లలున్నంత కాలమే అవి మనుషులను తంతాయి. పుస్తకాల్లో చదివాను, రెండేళ్ళుగా చూశాను కూడా.

అన్న చనిపోయిన మూడోనాడు అదే మిద్దె మీద విస్తరిలో అన్నం, కోడికూర పెట్టి, పిట్ట ముట్టేదాకా నిలబడ్డాం. గద్దలున్నచోటికి కాకులు రాలేదు. గంట తర్వాత గద్దే దిగి ముక్క పట్టుకుపోయింది.

"కాకి ముట్టాలె గని, గద్దేంది?" అంది మేనత్త.

"ఆయనకు కోడికూరంటే పానం. కాకి లెక్క మెతుకులు ఏరుకుంటడా?" అంది వదిన, ఏడుస్తూనే. అందరం నవ్వాం.

నాకు అలాంటివాటిపై నమ్మకం లేదు. అయినా ఆ తర్వాత గూటివైపు చూడకుండా ఏ రోజూ పనికి వెళ్ళలేదు.

నెత్తురు తుడుచుకుంటూ వదిన గూడు తీయిస్తానంది.

"పది దినాలు ఆగు వదినా. పిల్లలకు రెక్కలొచ్చినయి. ఎగిరిపోతయి."

"సరే తమ్మీ. నీ మాట కాదంటనా? గంతవరకు బట్టలు లోపల్నే ఆరేస్త."

నాలుగో రోజు పొద్దున అడిగింది: "రేపు మీ అన్న నెల మాసికం. పాయసానికి బార్డోలీ బెల్లం తెస్తవా? గీడ దొరికేది మంచిగ లేదు."

బస్సెక్కి వెళ్ళాను. సాయంత్రం బెల్లంతో తిరిగి వచ్చేసరికి టవర్ మీద గూడు లేదు. కింద సందులో పుల్లలు, దారం పోగులు పడి ఉన్నాయి.

"పిల్లలేవి?"

"కింద పడ్డయి. కుక్కలు ఎత్కపోయినయి." నా చేతిలో బెల్లం అందుకుంటూ అంది: "నువ్వుంటే తియ్యనిస్తవా? నా కన్ను పోతే నీ గద్ద దవఖానకు తీస్కపోతదా?"

ఆమె భయం నిజమే. ఆగలేనని ముఖం మీద చెప్పినా ఒప్పుకునేవాణ్ణేమో. అన్న పేరు చెప్పి నన్ను పంపించింది.

మర్నాడు పొద్దున గద్ద ఎలుకను పట్టుకుని వచ్చి కమ్మీ మీద వాలింది. తినలేదు. చాలాసేపు అక్కడే ఉండి, ఎలుకతోనే ఎగిరిపోయింది.

వదిన ఏదైనా తెమ్మంటే, ఎందుకని అడగకుండా ఇప్పుడు వెళ్ళడం లేదు.