ఉత్త నీళ్ళ ట్యూబు

మా కింది వాటా మేడమ్ గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే పాలావిడ చెప్పింది. నమ్మలేదు. కిందికి దిగి, ఆవిడ గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూశాక నమ్మాను.

అనుమానం నాకు పోర్టు నేర్పింది. ఓడల మీద వించి యంత్రం నడిపేవాణ్ణి. సరుకెత్తే ఇనప తాడుని రోజూ గోనెగుడ్డతో తడిమి చూడాలి. తెగిన పోగుంటే గుడ్డకి తగులుకుంటుంది. తాడుని నమ్మినవాళ్ళెవరూ నాలాగ ముసలివాళ్ళు కాలేదు. ఆ తాళ్ళ మీద ఒక పుస్తకమే రాయొచ్చు గానీ, ముందు ఆవిడ సంగతి.

ఆవిడ సొంతూరు పద్మనాభం. రోజూ బస్సెక్కి పట్నం వచ్చి చదువుకున్నారు. తర్వాత యూనివర్సిటీలో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతూ, మనుషులకి జలుబు తెప్పించే కరోనా వైరస్‌ల మీద పాతికేళ్ళు పనిచేశారు. అప్పటికి ఆ పేరు ఎవరికీ పట్టలేదు. గోపాలపట్నంలో మా అపార్ట్‌మెంటంతా ఆవిణ్ణి ‘జలుబు మేడమ్’ అనేది. ఆ కరోనా పేరే లోకాన్ని తలుపులేసుకునేలా చేశాక, ఆవిడ చేతిలో రోజూ ఉండే డబ్బా మీద నాకు అనుమానం పుట్టింది. మెట్ల మీద ఆపాను.

“ఏటమ్మా అందులో?”

“సద్దన్నం, ఉల్లిపాయ. మూత తీత్తాను, సూత్తావా అన్నయ్యా?”

చూశాను. ఆవకాయ బద్ద కూడా ఉంది. అది చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆవిడ ఇంటింటికీ లడ్డూలు పంచారు. జలుబు లేనివాళ్ళ ముక్కుల్లోనూ ఆ వైరస్‌లలో ఒకటి దాక్కుంటుందని కనిపెట్టారట. సైన్సు పత్రికలో అచ్చయింది, ప్రొఫెసర్ పదవి ఖాయమన్నారు. ఆరు నెలలు తిరక్కుండా మళ్ళీ ప్రతి గుమ్మం ఎక్కారు, ఈసారి వట్టి చేతులతో.

“లడ్డూలిచ్చి సెప్పిన మాట ఎనక్కి తీసుకుంటన్నాను. అది తప్పు.”

పదవి రాలేదు. అలాగే రిటైరయ్యారు. ఏదో దొంగ లెక్క రాసి దొరికిపోయిందని నేను నలుగురితో అన్నాను. నలుగురూ నలభైమందితో అన్నారు.

అనుమానం తీరక ఒకరోజు వెళ్ళి అడిగేశాను. ఆవిడ వంటింట్లోంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టారు.

“ఇవి మా లేబులో ట్యూబులనుకో. ఈ రెండూ జనాల ముక్కుల్లోంచి తీసినవి. ఇది ఉత్త నీళ్ళ ట్యూబు. మూడింటికీ ఒకటే పరీచ్చ. నీళ్ళలో వైరస్ ఉందని వచ్చిందంటే, మా లేబే మురికని అర్థం. మిగతా రెండూ ఏటి సెప్పినా నమ్మకూడదు. అచ్చయ్యేక మళ్ళీ సేసి సూసేను. నీళ్ళలో ఉందనొచ్చింది.”

“మరది ఇంకెవడన్నా సూసేడా అమ్మా?”

“సూసింది నానే. అదే సిక్కు.” గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చారు. “నువ్వన్న మాట నా సెవిన పడ్డాదన్నయ్యా. అనుమానించడం మంచిదే. తేలేక మళ్ళీ ఎల్లి సెప్పాల.”

నేను చెప్పలేదు. రేపు చెబుదాం లెమ్మని మూడేళ్ళు గడిపాను.

నిన్న మొదలుపెట్టాను. “మేడమ్ గారి గురించి నానన్న మాట ఎనక్కి తీసుకుంటన్నాను. అది తప్పు” అని ఒక్కో గుమ్మంలో చెప్పుకొస్తున్నాను. మోకాళ్ళు ఒప్పుకోక మూడో అంతస్తులో కూలబడితే, ఆ ఇంటావిడ గాజు గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. తాగేముందు కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. ఏమీ కనిపించలేదు.

ఇంకాసేపు చూశాను.