కబ్ద్ ఎడారిలో వెనిస్ పడవ

నా పెళ్ళికి కొద్దిరోజుల ముందు నా అంత్యక్రియలు దాదాపు జరిగిపోయాయి. ఏర్పాట్లన్నీ నేనే చూసుకున్నాను, ఎవరినీ నిందించే వీల్లేకుండా, చాలా శ్రద్ధగా.

అప్పుడు నేను కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్ని. బీకాం చదివిన డ్రైవర్ని. అంటే గోడకి గుద్దినా ఇంగ్లిష్‌లో క్షమాపణ చెప్పగలను. మా యజమానురాలిని పనివాళ్ళమంతా మామా అనేవాళ్ళం. ఏటా ఒక నెల ఆవిడ ఇటలీలోని వెనిస్‌లో, తను సిన్యోరా అని పిలిచే ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకుండి వచ్చేది. వెంట పనిమనిషి, రాయచోటి గంగమ్మ.

"ఆడ రోడ్లే లేవన్నా," అనేది గంగమ్మ. "పాలకీ పడవే, చెత్తకీ పడవే. కాఫీ నిలబడే తాగుతారు. సందుల్లో దోవ తప్పితే ఇంకా సంతోషపడతారు. ఆకరికి పీనుగ పోవాలన్నా పడవే. నీళ్ళ నడాన శ్మశానం."

ఈ చివరి మాట నేను వినాల్సినంత శ్రద్ధగా వినలేదు.

ఆ ఏడు వెనిస్ ముసలావిడే కువైట్ వస్తోందని, మామా కబ్ద్ ఎడారిలోని తన తోటలో చిన్న కాలువ తవ్వించి, ఒక నల్లటి పడవ తెప్పించింది.

"నీకు పడవ నడపడం వచ్చా?"

"మాది కోనసీమ, మామా!"

అబద్ధం కాదు. మాది కోనసీమే. పడవల్లో కూర్చున్నాను కూడా.

"సిన్యోరా సంతోషపడితే నువ్వడిగిన పెళ్ళి సెలవు ఇస్తా. లేకపోతే సెలవు ఖలాస్."

కొత్త బండికి దండ వేయకుండా తోలిన వంశం కాదు మాది. ఫర్వానియాలో మనవాళ్ళ పూలకొట్టు ఖాళీ చేసి, పడవ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్ల చామంతి దండలు వేశాను. ముక్కు దగ్గర అగరొత్తులు గుత్తులుగా గుచ్చాను.

మధ్యాహ్నానికి దుమ్ము లేచింది. ఖర్జూర చెట్లు మాయమయ్యాయి. సూర్యుడు తోమని ఇత్తడి పళ్ళెంలా వేలాడుతున్నాడు. మామా అతిథులకి వెనిస్ ముసుగులు పంచింది. గట్టున వరసగా తెల్లటి ముఖాలు, పక్షి ముక్కులు, కళ్ళ చోట చీకటి కంతలు. నోట్లో దుమ్ము పడుతుందని ఎవరూ మాట్లాడటం లేదు. నా వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. కోనసీమలో ఇలాంటి ఫంక్షన్లు నేను చూడలేదు.

ఆ ఎర్రటి మసకలోంచి నల్లగౌనులో సిన్యోరా వచ్చింది. పడవ చూసి ఆగిపోయింది. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"ఇది ఎవరికోసం?"

"మీకోసమేనండి. పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది."

"ఎక్కడికి?"

"అవతలి ఒడ్డుకి."

"తిరిగి రావడం?"

"ఉండదండి." పడవ తిప్పడం నాకింకా రాలేదు మరి.

సిన్యోరా ముఖంలో రక్తం ఇంకిపోయింది. గంగమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అన్నా! ఆ ఊర్లో ఈ పూలు సమాధులకే పెడతారు! నేను చూసినా గదా!"

"ముందే చెప్పకూడదటమ్మా?"

"నువ్వడిగితివా?"

నేను సిన్యోరా వైపు తిరిగాను. "మా దగ్గర ఇవి పెళ్ళి పూలండి. నా పెళ్ళికీ ఇవే," అన్నాను.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఇంకా భయమేసింది.

"అయితే ఎక్కాల్సింది పెళ్ళికొడుకే. తెడ్డు ఇటివ్వు."

చిన్నప్పటి నుంచి పడవ నడిపిన మనిషట. కూర్చుంటే పడవ ఒరుగుతోందని నన్ను దండల మధ్య పడుకోబెట్టింది. దుమ్ముకి కళ్ళు మూసుకున్నాను. భయానికి చేతులు వాటంతటవే గుండెల మీదికి చేరాయి. చిన్న వంతెన కింద నుంచి పోతుంటే ముసుగులన్నీ నా మీదికి వంగాయి.

గంగమ్మ ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టింది. కువైట్‌లోనే ఖైతాన్‌లో ఉండే మా ఊరివాడొకడు దాన్ని మా ఊరి గ్రూపులోకి తోశాడు. నేను ఒడ్డెక్కేసరికి కాబోయే మామగారి ఫోను.

"బాబూ, తవరు... ఉన్నారాండి?"

"ఉన్నానండి."

"ఆయ్. మరి ఆ దండలేటండి?"

"డెకరేషనండి."

"కళ్ళెందుకు మూసుకున్నారండి?"

"దుమ్మండి."

"ఆ నల్లగౌను ముసలావిడ తవర్నెక్కడికి తీసుకెళ్తందండి?"

"అవతలి ఒడ్డుకండి."

"అయితే మా అమ్మాయికి ఇంకో సంబంధం చూసుకోమంటారాండి?"

నేను పెట్టిన కేకకి మామా ఉలిక్కిపడింది. సంగతి గంగమ్మ చెప్పాక, సిన్యోరా, మామా ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

"యల్లా, వెళ్ళు! ఇంకొకణ్ణి వెతికేలోపు ముఖం చూపించు," అంది మామా.

పెళ్ళి కోసం అడిగితే రాని సెలవు, ప్రాణాలతో ఉన్నానని చూపించుకోవడానికి ఆ సాయంత్రమే దొరికింది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ దేశం వాళ్ళకి పూలు తెచ్చినా, ముందు ఆ దేశంలో పోయినవాళ్ళ ఇష్టాయిష్టాలు కనుక్కుంటాను. అనుమానం వస్తే అరటిపళ్ళు తెస్తాను.