బావి నిండుకుంది

ఆదోని, ఎమ్మిగనూరు వైపు వెళ్లాలనుకుంటున్నాం, దారి చెప్పమని కొందరు అడిగారు. చెబుతాను. కానీ ఆ దారి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అదీ వినాలి. ఎనభైల మొదట్లో, కరువును తట్టుకునే మంచినీటి పథకాలకు సలహాదారుగా ఊళ్లు తిరిగేవాణ్ణి. ఇప్పుడైతే ఆ పనికి వాతావరణ మార్పు అంటూ పెద్ద పేర్లు వచ్చాయి. ఎమ్మిగనూరు దగ్గర ఒక నేతగాళ్ల పల్లెకు చేతిబోరు అక్కర్లేదని అక్కడి ఇంజనీరు ఎందుకు రాశారో చూసి రమ్మని ఆ వేసవిలో నన్ను పంపారు.

తెల్లవారుతుండగా ఆదోనిలో రైలు దిగి, జట్కాలో బస్టాండు చేరాను. పత్తి మార్కెట్ పక్కన వెళ్తుంటే చొక్కా నిండా దూది. ఎమ్మిగనూరు బస్సుకు రెండు మూడు రూపాయల టికెట్టు, గంటకు పైగా ప్రయాణం. కిటికీ సీటు దొరికిందని సంబరపడకండి, పొద్దుటి ఎండ సరిగ్గా ముఖానే కొడుతుంది.

ఎమ్మిగనూరు బంగళాలో ఇంజనీరుగారు టిఫిను చేస్తున్నారు. వేరే రాష్ట్రం మనిషి, ట్యూషన్ పెట్టించుకుని తెలుగు నేర్చుకున్నారు. బయట బోరు బండి ఆగి ఉంది. సాయంత్రానికి అది వేరే తాలూకాకు వెళ్లిపోతుంది.

"నేను స్వయంగా విచారించాను. బావి నిండుకుంది అన్నారు. నాకు చెంబుడు నీళ్లు కూడా ఇచ్చారు. ఇంకేం కావాలి?" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బియ్యం అయిపోతే మన ఇళ్లలో "లేవు" అంటామా? అరిష్టమని "నిండుకున్నాయి" అంటాం. ఈ మహానుభావుడికి అది నిండుగా ఉన్నట్టు వినబడింది! విడమరిచి చెప్పాను. "నాకు వ్యాకరణం నేర్పకండి" అన్నారు.

అద్దె సైకిలు తీసుకుని పల్లెకు పోయాను. మగ్గం మీద నుంచి లేచి వచ్చిన ఈరమ్మ, ఇంజనీరుతో మాట్లాడింది తనేనంటూ నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లింది. అడుగున బురద, అందులో ఒక పగిలిన కుండ.

"కాలవ దాకా పోయి మోసుకొస్తాండాం అప్పా. తాగేదానికే సాలవు, ఇంగ నూలుకు గంజి యాడ పెట్టేది?"

"మరి ఆయనకు చెంబుడు నీళ్లెందుకిచ్చినావమ్మా?"

"ఎండన పడొచ్చినాడు, దాహమన్నాడు. ఇయ్యకుండా ఎట్ల పంపేది? బిడ్డల కోసరం దాసిపెట్టిన బిందె అది."

ఆమె చేతే ఇంజనీరుకు సంగతి చెప్పిద్దామని, నేసిన పంచెలు ఎమ్మిగనూరుకు తోలుకెళ్తున్న ఎద్దులబండిలో సైకిలు పడేసి, ఈరమ్మతో పాటు నేనూ ఎక్కాను. చేరేసరికి దీపాలు పెట్టే వేళ. బోరు బండి ఇంజను అప్పటికే మోగుతోంది.

"నిండుకుంది అన్నది నువ్వే కదా? లేకపోతే లేవు అని చెప్పు. నా ముందు చెప్పు, బండి పంపుతాను" అన్నారు ఇంజనీరు.

"దీపాలు పెట్టే పొద్దులో ఆ మాట అనిపియ్యాకు సార్. బిడ్డలుండే ఇల్లు. నువ్వే వచ్చి బాయిలో సూడు."

"నాకు సమయం లేదు."

ఈరమ్మ ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "లేవు సార్. మా ఊర్లో నీళ్లు లేవు" అంది.

"ఇది మొదటే చెప్పవచ్చు కదా!" అన్నారాయన. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ బండికి దారి చూపించాలి, పళ్లు కొరుక్కుంటూ ఎక్కి కూర్చున్నాను.

మర్నాడు బోరులో నీళ్లు పడ్డాయి. ఊరంతా దానికి పసుపు కుంకుమ పెట్టింది. నాకు మాత్రం కోపం చల్లారలేదు, ఇన్నేళ్లకూ చల్లారలేదు. బావిలోకి ఒకసారి తొంగి చూస్తే తేలిపోయే సంగతికి, ఒక తల్లి తన నోటితో తన ఇంటికి అశుభం పలకాల్సి వచ్చింది. పిల్లల నీళ్లు తాగి వెళ్లినవాడే ఆ నీళ్లను సాక్ష్యం చేసుకున్నాడు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఆదోనిలోనే సీసా నిండా నీళ్లు పట్టుకుని బస్సెక్కండి. పల్లెలో ఎంత దాహమైనా నీళ్లడక్కండి. వాళ్లు లేవనరు.